చప్పట్లూ దగ్గులూ ఉన్న లైవ్ ఆల్బమ్‌లు ఎందుకు వినాలి? మీకు బాగా నచ్చినవి ఏవి?

బెంగళూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెప్పాలంటే: "స్టూడియోలో శుభ్రంగా రికార్డు చేసిన పాట ఉండగా, మధ్యలో జనం అరుపులూ దగ్గులూ ఉన్న రికార్డింగు ఎందుకు వినాలి? నిర్వాణా అన్‌ప్లగ్డ్ ఒక్కటే నాకు ఎక్కింది. అలాంటివి ఇంకేమున్నాయి, వాటి గొప్పతనం ఏమిటి? వినడానికి ఖరీదైన సెట్టు కావాలా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. నేను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వినేవి నాలుగు. 1961లో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో బిల్ ఎవాన్స్ జాజ్ త్రయం వాయించినది. 1975 జనవరిలో కొలోన్‌లో కీత్ జారెట్ ఒక్కడే కూర్చుని వాయించిన పియానో. అదే ఏడాది జులైలో రికార్డయిన శక్తి బృందం మొదటి ఆల్బమ్. నాలుగోది ఒక ఆల్బమ్ అనలేం: చెన్నై డిసెంబరు సీజన్ కర్ణాటక సంగీత కచేరీలను చార్సుర్ సంస్థ సీడీలుగా వేసింది, ఆ రికార్డింగులు.

ఎందుకంటే, స్టేజీ మీద జరిగింది వెనక్కి తీసుకోవడానికి ఉండదు. స్టూడియోలో తప్పు పడితే మళ్లీ పాడతారు. కచేరీలో తప్పు పడినా, తీగ తెగినా, పియానో బాగోకపోయినా తర్వాతి స్వరంతోనే దాన్ని దాటాలి. ఆ దాటడం వినిపించే రికార్డింగే నా దృష్టిలో మంచి లైవ్ ఆల్బమ్. మీకు నిర్వాణా ఎక్కడానికి కారణం కూడా అదే అయి ఉంటుంది. చివరి పాట ఆఖరి పంక్తి మధ్యలో ఆ రాక్ బృందం గాయకుడు కర్ట్ కోబేన్ ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుంటాడు, గుర్తుందా? ఆ ఊపిరిని స్టూడియోలో అయితే ఎవరో ఒకరు శుభ్రం చేసేసేవారు.

నా గురించి రెండు మాటలు. మాది గూడూరు. ఇరవై నాలుగేళ్లుగా చెన్నైలో సౌండ్ రికార్డింగే నా పని. ఏడాదిలో ఎక్కువ భాగం సాలిగ్రామం, వడపళని డబ్బింగ్ థియేటర్లలో గడుస్తుంది. డిసెంబరు వచ్చిందంటే మైకులు సర్దుకుని సంగీత సభలకు వెళ్లిపోతాను. కాబట్టి నేను చెప్పేది మైకు పక్కన కూర్చున్నవాడి అభిప్రాయం.

బిల్ ఎవాన్స్‌తో మొదలుపెడతాను. విలేజ్ వాన్‌గార్డ్ నేలమాళిగలో ఉండే చిన్న క్లబ్బు. 1961 జూన్ 25, ఆదివారం. మధ్యాహ్నం రెండు విడతలు, సాయంత్రం మూడు విడతలు, మొత్తం ఐదు సార్లు వాయించారు. పియానో ఎవాన్స్, బేస్ (కింది స్వరాలు పలికే పెద్ద తీగ వాయిద్యం) స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. హెడ్‌ఫోన్స్‌లో వింటే గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు, ఎవరో మాట్లాడుకుంటున్న గొణుగుడు, ఒక నవ్వు వినిపిస్తాయి. మొదట్లో నాకూ చిరాకేసింది. ఇంత గొప్పవాళ్లు వాయిస్తుంటే ఈ మాటలేమిటి అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆ గ్లాసుల చప్పుడే నాకు కొలబద్ద అని. గ్లాసు తగిలిన శబ్దం అంత స్పష్టంగా వినిపిస్తోందంటే, మోషన్ బ్రష్షుతో డ్రమ్మును ఎంత మెల్లగా తాకుతున్నాడో చూడండి. స్టూడియో రికార్డింగులో వాల్యూమ్ ఎంత పెంచితే అంత, తగ్గిస్తే అంత. ఇక్కడ పక్కనే గ్లాసు ఉంది కాబట్టి వాయిద్యం అసలు బలమెంతో చెవికి తెలిసిపోతుంది.

బేస్ వాయించేవాళ్లు మామూలుగా వెనక ఉండి నడక పట్టుకుంటారు. లఫారో అలా ఉండడు. మన కచేరీలో నెరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా మార్చి పాడడం) పాడేటప్పుడు గాత్రానికి వయొలిన్ బదులిచ్చినట్టు పియానోకు బదులిస్తుంటాడు. ఒక్కోసారి పియానో అడగకముందే చెబుతాడు. పదకొండు రోజుల తర్వాత, జులై 6న, కారు ప్రమాదంలో పోయాడు. వయసు 25. ఆ ఒక్క రోజు రికార్డింగుల నుంచి రెండు ఎల్పీలు (లాంగ్ ప్లే రికార్డులు) వచ్చాయి. 2005లో మొత్తం సెట్టు వేసినప్పుడు, మధ్యలో కరెంటు తేడా వచ్చి తెగిపోయిన మొదటి టేకును కూడా అలాగే ఉంచారు. ఆ ఉంచినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఎందుకో కింద చెబుతాను.

కొలోన్ కచేరీ కథ చాలామందికి తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేను. 1975 జనవరి 24, కొలోన్ ఒపేరా హౌసు. కచేరీ ఏర్పాటు చేసింది వీరా బ్రాండెస్ అనే 18 ఏళ్ల అమ్మాయి. మొదలయ్యేసరికి రాత్రి పదకొండున్నర. జారెట్ అడిగింది పెద్ద బోసెండార్ఫర్ పియానో. వేదిక మీదికి వచ్చింది రిహార్సల్స్‌కు వాడే చిన్నది. పై స్వరాలు రేకులా మోగుతున్నాయి, కింది స్వరాల్లో నిండుదనం లేదు, పెడల్ సరిగా పనిచేయడం లేదు. పైగా ఆయనకు వెన్నునొప్పి. వాయించనని వెళ్లిపోబోయాడు. చివరికి ఒప్పుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ రికార్డింగు వినండి. చేతులు ఎక్కువగా పియానో మధ్యలోనే తిరుగుతాయి. కింది స్వరాలకు బలం లేదు కనుక ఎడమ చెయ్యి ఒకే నడకను తిప్పి తిప్పి, రుబ్బినట్టు వాయిస్తుంది. ఆ తిరగడంలోంచే మొదటి భాగం 26 నిమిషాలు నడిచింది. ఆ భాగంలో ముందుగా రాసుకున్నదంటూ లేదు. మన భాషలో చెప్పాలంటే పూర్తిగా మనోధర్మం. మధ్యమధ్యలో ఆయన మూలుగు వినిపిస్తుంది, కాలితో నేలను తన్నడం వినిపిస్తుంది. మంచి పియానో దొరికి ఉంటే ఆ రాత్రి ఇంకేదో వాయించేవాడు, ఇది మాత్రం పుట్టేది కాదు. చేతిలో ఉన్న వాయిద్యం లోపాన్ని ఇంత గౌరవంగా వాడుకున్న రికార్డు నాకు ఇంకొకటి తెలియదు.

శక్తి ఆల్బమ్ నాకు మూర్ మార్కెట్ దగ్గర పాత రికార్డులు అమ్మే కొట్టులో దొరికింది. అట్ట చిరిగి ఉంది, రికార్డు మాత్రం బాగుంది. 1975 జులై 5న న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని సౌత్ హాంప్టన్ కాలేజీలో చేసిన రికార్డింగు అది. గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రాం, మృదంగం రామ్‌నాడ్ రాఘవన్. మొదటి పాట 18 నిమిషాలు. రెండో వైపు మొత్తం ఒక్కటే పాట, దాదాపు 29 నిమిషాలు. ఎల్పీ ఒక వైపు మామూలుగా ఇరవై, ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. అంతకు మించితే గాడులు దగ్గరగా వేయాలి, శబ్దం కాస్త చిన్నదవుతుంది. అయినా కోయకుండా ఉంచారు. కచేరీ ఎలా నడిచిందో అలాగే వినాలంటే అది తప్పదు.

దాన్ని ఒకసారి ఒక మృదంగ విద్వాంసుడితో కలిసి విన్నాను. గిటారూ వయొలినూ ఒకదాన్నొకటి తరుముకుంటూ వెళ్తుంటే ఆయన కళ్లు మూసుకుని వేళ్లతో తాళం వేస్తున్నారు. ముక్తాయింపు (ముగింపు లయ వరస) సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడగానే రికార్డులో జనం కేక వేశారు, అదే క్షణంలో ఈయన కూడా "ఆహా" అన్నారు. లాంగ్ ఐలండ్‌లో ఉన్నవాళ్లకు తాళం లెక్క తెలిసి ఉండకపోవచ్చు. కానీ ఎక్కడ పడిందో ఒంటికి తెలిసింది.

తెలుగువాళ్లకు ఇంకొకటి కూడా చెప్పాలి. తర్వాత ఏర్పడ్డ రిమెంబర్ శక్తి బృందం బొంబాయిలో చేసిన రికార్డింగు 2001లో వచ్చింది. అందులో మాండొలిన్ మన పాలకొల్లు యు. శ్రీనివాస్‌ది. శంకర్ మహదేవన్ గొంతులో త్యాగరాజస్వామి 'గిరిరాజసుతా తనయ' వినిపిస్తుంది. బొంబాయి జనం మధ్య, గిటారూ తబలా పక్కన, మన తెలుగువాడి ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ గమకాలు పలుకుతుంటే నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న ఇక్కడే చెన్నైలో 45 ఏళ్లకే వెళ్లిపోయారు.

ఇక సభల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువ మాట్లాడతాను, నా రోజువారీ పని కాబట్టి.

సభలో రికార్డింగు రెండు రకాలుగా చేస్తాం. ఒకటి, హాల్లో ఉన్న మిక్సర్ నుంచి నేరుగా లైను తీసుకోవడం. రెండోది, మన మైకులు మనం పెట్టుకోవడం. లైనుతో ఒక చిక్కుంది. చిన్న హాల్లో మృదంగం మైకు లేకుండానే బాగా వినిపిస్తుంది కనుక మిక్సర్ దగ్గరున్న అతను దాని ఫేడర్ (వాల్యూమ్ మీట) కిందికే ఉంచుతాడు. హాల్లో కూర్చున్నవాళ్లకు అంతా సరిగ్గానే ఉంటుంది. లైను రికార్డింగులో మాత్రం గాత్రం మన మొహం మీద పాడినట్టు, మృదంగం పక్కింట్లో మోగినట్టు ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే పాత కచేరీలు చాలావాటిలో మృదంగం పేలవంగా ఉండటానికి ఇదొక కారణం. పాపం, వాయించినవారిది తప్పు కాదు.

అందుకని నేను హాల్లో రెండు కండెన్సర్ మైకులు అదనంగా పెడతాను. వాటిలోనూ జాగ్రత్త కావాలి. వేదికకు 15 మీటర్ల దూరంలో మైకు ఉంటే శబ్దం దాదాపు 44 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ ట్రాకును వెనక్కి జరిపి కలపకపోతే మృదంగం మీద ప్రతి చాపు దెబ్బా రెండేసి సార్లు పడినట్టు వినిపిస్తుంది. జరిపి కలిపితే హాలు తెరుచుకుంటుంది. మూడో వరసలో ఒక పెద్దాయన తొడ మీద ఆది తాళం వేస్తున్న చప్పుడు, ఒక మంచి సంగతి పడగానే నాలుగు మూలల నుంచి వచ్చే "భేష్", తని ఆవర్తనం (లయ వాయిద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) మొదలవగానే క్యాంటీన్‌కు లేచేవాళ్ల కుర్చీల కిర్రు. అన్నీ ఉంటాయి. కుర్చీల కిర్రు మీద చాలామందికి కోపం. నాకు మాత్రం లేచి వెళ్లనివాళ్లు చివర్లో కొట్టే చప్పట్లు వేరుగా వినిపిస్తాయి. అవి సంఖ్యలో తక్కువ, వేడిలో ఎక్కువ.

జనం కూడా కచేరీలో భాగమేనని మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మన పద్యనాటకాల్లో "వన్స్‌మోర్" అని అరిచి పద్యం మళ్లీ పాడించుకున్న జాతి మనది.

ఇప్పుడు ఆ దండం పెట్టాలన్న మాట దగ్గరికి వస్తాను. పదేళ్ల కిందటి సంగతి. మైలాపూర్ వైపు ఒక చిన్న సభలో ఒక గాయని కచేరీ. ప్రధానమైన కీర్తన కల్యాణి రాగంలోది. స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడడం) మంచి ఊపు మీద ఉంది. గాయని ఒక విడత, వయొలిన్ ఒక విడత. ఉన్నట్టుండి వయొలిన్ మొదటి తీగ టప్పున తెగింది. నా రెండు మైకుల్లోనూ ఆ చప్పుడు పడింది.

గాయని ఆగలేదు. వయొలిన్ వంతు కూడా తానే పాడడం మొదలుపెట్టారు. మృదంగం ఆయన అరచేతి దెబ్బలు మానేసి వేళ్ల చివర్లతో, ఉందా లేదా అన్నట్టు వాయించారు. ఆ సందులో వయొలిన్ పెట్టె తెరిచిన చప్పుడు, బిరడ తిప్పుతున్న కీచు, బొటనవేలితో తీగ మీటుతూ పంచమం వెతుక్కోవడం, అన్నీ వినిపిస్తున్నాయి. నిమిషం మీద పది సెకన్లు. తీగ శ్రుతిలో పడగానే ఆ అబ్బాయి కమాను ఎత్తి, గాయని అప్పుడే పాడిన ఆఖరి నాలుగు స్వరాలను ఉన్నదున్నట్టు అందుకుని తన విడత మొదలుపెట్టాడు. హాలు హాలంతా చప్పట్లతో లేచింది.

వారం తర్వాత కళాకారుల తరఫు నుంచి ఫోను. సీడీకి ఇస్తున్నాం, ఆ తీగ తెగిన భాగం తీసేయండి అన్నారు. తీసేశాను. అతుకు ఎక్కడుందో ఎవరూ పట్టుకోలేనంత శుభ్రంగా కలిపాను. పని పూర్తయ్యాక ఇంటికొచ్చి మొదటి నుంచి విన్నాను. గాయని మామూలుగా ఒక విడత పాడారు, వయొలిన్ మామూలుగా అందుకుంది, వెంటనే హాలంతా చప్పట్లతో హోరెత్తిపోయింది. ఎందుకు? వినేవాడికి తెలియదు. ఆ చప్పట్లకు కారణమైన నిమిషాన్ని నా చేత్తో నేనే కోసేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఏదైనా కోయమంటే, కోసిందీ కోయనిదీ రెండూ కళాకారులకు వినిపించాకే ముందుకు వెళ్తాను. సగం మంది కోయనిదే ఉంచమంటారు. ఆ కల్యాణి పూర్తి రికార్డింగు ఇప్పటికీ నా హార్డ్‌డిస్కులో భద్రంగా ఉంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. లైవ్ అని అట్ట మీద రాసినంత మాత్రాన అంతా ఆ రాత్రిదే అని నమ్మకండి. తర్వాత స్టూడియోలో గొంతు మళ్లీ పాడించి అతికించడం, నాలుగు ఊళ్ల కచేరీల్లోంచి బాగున్న ముక్కలు ఏరి కలపడం, చప్పట్లు పెంచడం, అన్నీ జరుగుతాయి. జానీ క్యాష్ 1968 జనవరి 13న ఫోల్సమ్ జైల్లో ఖైదీల ముందు పాడిన ఆల్బమ్ ఎంత పేరున్నదో తెలుసు కదా. మొదటి పాటలో, ఒక మనిషిని చంపానని చెప్పే పంక్తి తర్వాత ఖైదీలు వేసే కేక ఆ క్షణంలో వేసినది కాదు, ఎడిటింగులో చేర్చినది. అయినా ఆ ఆల్బమ్ నాకు ఇష్టమే. పాటల మధ్యలో జైలు మైకులో ఫలానా నంబరు ఖైదీ రావాలని పిలిచే అనౌన్స్‌మెంట్లను తీసేయకుండా ఉంచారు. ఆ నంబరు వినగానే పాడుతున్నది ఎవరి ముందో ఒళ్లు జలదరించేలా తెలుస్తుంది. చేర్చిన కేక కంటే దానికే బలం ఎక్కువ.

మీ నిర్వాణాలో కూడా, అన్‌ప్లగ్డ్ (కరెంటు వాయిద్యాలు లేకుండా) అన్న మాటను అక్షరాలా తీసుకోకండి. కోబేన్ గిటారు యాంప్లిఫయర్ గుండా వెళ్లింది. దానివల్ల ఆ రికార్డింగు విలువ తగ్గదు. 1993 నవంబరు 18న ఆ గదిలో అతను పాడింది నిజం.

ఈగల్స్ రాక్ బృందం 1994 ఆల్బమ్‌లో హోటల్ కాలిఫోర్నియా సంగతి అడుగుతారేమో. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఏ ఆడియో షాపుకు వెళ్లి స్పీకర్లు చూపించమన్నా ముందు అదే పెడతారు. మొదట్లో వచ్చే డ్రమ్ము దెబ్బ స్పీకర్ పరీక్షకు చాలా బాగుంటుంది. రికార్డింగు అద్భుతం, కాదనను. కానీ అందులో అంతా ముందే నిర్ణయమైపోయినట్టు ఉంటుంది. స్పీకర్ కొనడానికి వినండి. డీప్ పర్పుల్ 1972లో ఒసాకా, టోక్యోల్లో చేసిన జపాన్ ఆల్బమ్ దానికి పూర్తిగా ఎదురు. రాక్ ఇష్టమైతే అది తప్పకుండా వినండి.

అన్నట్టు, 1971 ఆగస్టు 1న బంగ్లాదేశ్ కోసం న్యూయార్క్‌లో జరిగిన కచేరీ రికార్డు దొరికితే మొదటి భాగం వదలకండి. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ శ్రుతి చేసుకుని ఆగగానే జనం అదే పాట అనుకుని చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ అన్నారు. అక్కడ నవ్వుకుంటాం. కానీ సభలో తంబురా మీద ఆధారషడ్జం (మూల స్వరం) నిలబడే ఆ మొదటి క్షణాలను సీడీల్లో మనమే తరచూ కోసేస్తున్నాం. నా చేతిలో ఉన్న రికార్డింగుల్లో కనీసం పది సెకన్లయినా ఉంచుతాను.

చివరిగా, సెట్టు గురించి. ఖరీదైనది అక్కర్లేదు. చెవులను పూర్తిగా మూసే మామూలు హెడ్‌ఫోన్స్ చాలు. హాలు ఎంత పెద్దదో, ఎవరు ఎటు కూర్చున్నారో వాటిలోనే బాగా తెలుస్తుంది. ఫోను యాప్‌లో మాత్రం రెండు పనులు చేయండి. షఫుల్ ఆపేయండి. పాటకూ పాటకూ మధ్య కలిపే క్రాస్‌ఫేడ్ కూడా ఆపేయండి, లేకపోతే ఒక పాట చప్పట్ల మీద ఇంకో పాట ఎక్కి కూర్చుంటుంది. చప్పట్లను ముందుకు తోసేయకండి, వాటి పొడవును బట్టే హాల్లో ఏం జరిగిందో సగం తెలుస్తుంది.

కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి నా వరస ఇది: ముందు శక్తి మొదటి పాట, మర్నాడు బిల్ ఎవాన్స్, ఒక ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కొలోన్. డిసెంబరులో బెంగళూరు నుంచి చెన్నైకి ఒక్క రాత్రి రైలు ప్రయాణమే. మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో ఉచితం. తని ఆవర్తనానికి లేవకుండా కూర్చోండి. ఆ తర్వాత మళ్లీ ఈ నాలుగూ వినండి, ఏది మారిందో ఇక్కడే రాయండి.